వంటింటి కబుర్లు: ముందురోజే మెదిపి ఉంచుకునే ఉర్లగడ్డ

ఈ పేజీ చదివి గరిటె పట్టుకుంటున్న సోదరులు కూడా కొందరున్నారని ఈ మధ్య తెలిసింది.

ఈ మూడు నెలల్లో వచ్చిన ఉత్తరాల్లోనూ ఫోన్లలోనూ ఒకే ప్రశ్న నాలుగైదు రకాలుగా ఎదురైంది. డిసెంబరు వచ్చిందంటే అమెరికా నుంచీ లండను నుంచీ పిల్లలు, మనవలు దిగుతారు. వాళ్ళు మన పులిహోర, గారెలు ఇష్టంగానే తింటారు గాని, రెండో రోజుకల్లా చిన్నవాళ్ళు "అమ్మమ్మా, మాష్డ్ పొటాటో చేస్తావా?" అని అడుగుతారు. అన్నానగర్ నుంచి ఒక సోదరి ఇలా రాశారు: "ఇంట్లో పదిహేను మందికి విందు. అన్నీ ఆ పూటే చేయలేను. ఉర్లగడ్డ ముందురోజే మెదిపి ఉంచితే మర్నాటికి గట్టిపడి ముద్దకట్టిపోతోంది. పాలు పోసి కలిపితే బంకలా సాగుతోంది. దీనికి ఉపాయం ఉందా, లేక ఆశ వదులుకోవాలా?"

ఆశ వదులుకోనక్కరలేదమ్మా. ఉపాయం ఉంది. అయితే ఈ గడ్డకు కొంచెం మొండితనం ఎక్కువ. దాని స్వభావం తెలుసుకుని నడుచుకుంటే ముందురోజు చేసినదీ ఆ పూట చేసినదీ పక్కపక్కన పెట్టినా తేడా పట్టుకోవడం కష్టం.

ముందు పేరు సంగతి. మనలో కోస్తా నుంచి వచ్చినవారు బంగాళాదుంప అంటారు. బెంగాల్ వైపు నుంచి వచ్చింది గనుక ఆ పేరు. హైదరాబాదు వారికి అది ఆలుగడ్డ. రాయలసీమ వారికీ, తరతరాలుగా ఇక్కడే ఉంటున్న మద్రాసు తెలుగువారికీ ఉర్లగడ్డ. తమిళంలో ఉరుళైక్కిళంగు, అంటే దొర్లే దుంప అన్నమాట. మా ఇంట్లో ఈ మూడు పేర్లూ వినబడతాయి. మా వారిది గుంటూరు, మా కోడలిది సికిందరాబాదు, నేను పుట్టింది పెరంబూరులో. పేరు ఏదైనా కూర ఒకటే గనుక ఇంతవరకు తగాదా రాలేదు.

అసలు ఈ దుంప పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలు. ముందుగా చేసి దాచుకోవడమనే ఆలోచన కూడా అక్కడిదే. పెరూ, బొలీవియా దేశాల ఎత్తైన మైదానాలలో రాత్రిపూట మంచు గడ్డకడుతుంది, పగలు ఎండ మండుతుంది. అక్కడివారు దుంపలను రాత్రి మంచులో ఆరబోసి, పగలు కాళ్ళతో తొక్కి నీరు పిండి, మళ్ళీ ఎండబెట్టి "చూన్యో" అనే ఎండు దుంప చేస్తారు. అది ఏళ్ళ తరబడి చెడదు. మనం మే నెలలో మేడ మీద చీర పరిచి ఉర్లగడ్డ వడియాలు పెట్టడం లేదూ? అదీ ఇదీ దాయాదులే. మన వైపుకు వస్తే, కోయంబత్తూరు కలెక్టరుగా ఉన్న జాన్ సల్లివన్ 1820ల్లో ఊటీలో ఈ సాగు మొదలుపెట్టించాడు. నీలగిరి గడ్డ నేటికీ మేట్టుపాళయం మండీలకు దిగి, అక్కడి నుంచి మన కోయంబేడుకు వస్తుంది. 1996లో కోయంబేడు మార్కెటు తెరిచేదాకా అది కొత్వాల్ చావడికి వచ్చేది. ఎర్రమట్టి అంటుకున్న ఆ ఊటీ గడ్డ కోసం మా అమ్మ రెండు బస్సులు మారి వెళ్ళేది.

ఇప్పుడు అసలు విషయం. ఉర్లగడ్డ మెదిపితే ఎందుకు వెన్నలా వస్తుంది, ఎందుకు బంక అవుతుంది?

దుంప లోపల కంటికి కనబడని చిన్న చిన్న గదులుంటాయి. ఒక్కో గది నిండా పిండి రేణువులు. ఉడికేటప్పుడు ఆ రేణువులు నీరు తాగి ఉబ్బుతాయి, గదికీ గదికీ మధ్య ఉన్న అతుకు సడలుతుంది. అప్పుడు మెల్లగా మెదిపితే గదులు పగలకుండా ఒకదాని నుంచి ఒకటి విడిపోతాయి. నోట్లో పెట్టుకుంటే పొడిపొడిగా, మెత్తగా ఉంటుంది. అలా కాకుండా మిక్సీలో వేసి తిప్పామనుకోండి, బ్లేడు ఆ గదుల గోడలను చించేస్తుంది. లోపలి గంజి అంతా బయటికొచ్చి మనం పుస్తకాలకు అట్టలు అతికించుకునే మైదా జిగురులా తయారవుతుంది. ఒకసారి జిగురైనదాన్ని పాలు పోసినా, వెన్న వేసినా బాగుచెయ్యలేము. దాన్ని బియ్యప్పిండిలో కలిపి చెక్కలు చేసుకోవడమే.

అందుచేత మొదటి నియమం, మిక్సీ తలుపు తట్టవద్దు. మన పప్పుగుత్తి చాలు. ముద్దపప్పు ఎనిపే చేతికి ఈ పని కొత్త కాదు. ఇంకా నున్నగా కావాలంటే వేడిగా ఉండగానే జల్లెడ మీద వేసి గరిటె వెనుకవైపుతో నొక్కండి. నొక్కాలే గాని గుండ్రంగా రుద్దకూడదు.

ఇక మర్నాటికి గట్టిపడటం. ఉడికిన పిండి చల్లారితే అందులోని గంజి పోగులు మళ్ళీ దగ్గరకు చేరి గట్టిగా పేనుకుంటాయి. రాత్రి మిగిలిన అన్నం పొద్దుటికి బిరుసెక్కేది కూడా ఇందుకే. ఉర్లగడ్డలో ఈ పేనుకోవడాన్ని పూర్తిగా ఆపలేము. కాని వెన్న ముందుగా పడితే అది పిండిని పలచగా పూతలా కప్పి చాలావరకు అడ్డుపడుతుంది. అందుకనే రెండో నియమం, వెన్న ముందు, పాలు తరువాత. మనలో చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. పాలు ముందు పోస్తే పిండి నీటినంతా తాగేసి సాగటం మొదలుపెడుతుంది, ఆ తరువాత ఎంత వెన్న వేసినా పైపైనే తేలుతుంది.

పారిస్‌లో 1980ల్లో జోయెల్ రొబుషోన్ అనే వంటవాడికి గొప్ప పేరు తెచ్చిన వంటకాల్లో ఈ మెదిపిన ఉర్లగడ్డ ఒకటి. కిలో దుంపలకు ఆయన పావు కిలో వెన్న వేసేవాడు. దుంపలను తొక్కతోనే ఉడికించి, వేడి మీద వొలిచి, జల్లెడ పట్టి, పొయ్యి మీద తడి ఆర్చి, చల్లటి వెన్న ముక్కలు ముందు కలిపి, చివరికి మరిగిన పాలు సన్నని ధారగా పోసేవాడు. అంత వెన్న మన ఒంటికి వద్దు. ఆ వరస మాత్రం మనకు కావాలి.

గడ్డలు కొనడంలో ఒక మాట. వేలితో రుద్దితే తొక్క ఊడివచ్చే లేతగడ్డలు వేపుడుకూ, కుర్మాకూ బాగుంటాయి గాని మెదపడానికి పనికిరావు. వాటిలో నీరెక్కువ, పిండి తక్కువ. తొక్క ముదిరి, చేతికి బరువుగా తగిలే గడ్డ కావాలి. అనుమానమైతే ఒక పరీక్ష ఉంది. 11 కప్పుల నీళ్ళలో 1 కప్పు ఉప్పు కరిగించి గడ్డను అందులో వెయ్యండి. మునిగితే పిండిగడ్డ, తేలితే నీటిగడ్డ. పచ్చరంగు తిరిగిన గడ్డలు, మొలకలు వచ్చినవి తీసుకోవద్దు. వాటిలోని విషపదార్థం ఉడికించినా పోదు.

ఇంకో సంగతి, పచ్చి ఉర్లగడ్డను ఫ్రిజ్‌లో పెట్టకండి. చలికి దానిలోని పిండి కొంత చక్కెరగా మారుతుంది. శీతలగిడ్డంగుల నుంచి వచ్చే ఉత్తరాది గడ్డ కొన్నిసార్లు తియ్యగా ఉండటానికి కారణం అదే. అలాంటిది దొరికితే బుట్టలో పోసి, చీకటిగా గాలి ఆడేచోట ఒకటి రెండు వారాలు ఉంచితే తీపి చాలావరకు తగ్గుతుంది. అందుకని విందుకు రెండు వారాల ముందే గడ్డలు కొని పెట్టుకోవడం తెలివైన పని.

ఇక చేసే విధానం. పదీ పన్నెండు మందికి ఈ కొలత సరిపోతుంది.

కావలసినవి: ముదురు ఉర్లగడ్డలు 2 కిలోలు, వెన్న 200 గ్రాములు, చిక్కటి పాలు అర లీటరు, మీగడ చిన్న కప్పు, మిరియాల పొడి ఒక చెంచా, ఉప్పు తగినంత. బజారు పసుపు వెన్నలో ఉప్పు ఉంటుంది గనుక రుచి చూసి వేసుకోండి. ఇంట్లో చిలికిన తెల్లవెన్న అయితే మరీ మంచిది.

ముందురోజు చేసే పని:

1. గడ్డలు కడిగి తొక్కతోనే పెద్ద గిన్నెలో వేసి, మునిగేదాకా చల్లనీళ్ళు పోసి, ఒక పెద్ద చెంచా ఉప్పు వేసి పొయ్యి మీద పెట్టండి. మరిగే నీళ్ళలో వేస్తే పైభాగం చితికిపోయి నడిమి భాగం పచ్చిగా ఉండిపోతుంది. కుక్కరులో పెడితే నీళ్ళలో ముంచకుండా పైగిన్నెలో పెట్టండి.

2. కత్తిమొన అడ్డం లేకుండా దిగితే ఉడికినట్టు. వెంటనే నీళ్ళు వంచేసి, వేడిగా ఉండగానే గుడ్డతో పట్టుకుని తొక్క తీసి మెదపండి. చల్లారిన గడ్డ ఎంత మెదిపినా ఉండలు ఉంటుంది.

3. మెదిపినదాన్ని మందపాటి గిన్నెలో వేసి సన్నని సెగ మీద మూడు నాలుగు నిమిషాలు కలుపుతూ తడి ఆర్చండి. గిన్నె అడుగున పలచని పొర కడుతుంటే చాలు.

4. దించి వెన్నంతా ముక్కలుగా వేసి కలపండి. అది పూర్తిగా కలిశాక, మరిగించిన పాలలో మూడోవంతు మాత్రం పోయండి. మిగతా పాలూ మీగడా మర్నాటికే. ఈ స్థితిలో ముద్ద కొంచెం గట్టిగానే ఉంటుంది, కంగారు పడకండి.

5. లోతు గిన్నెలో కుక్కకుండా వెడల్పాటి పళ్ళాల్లో రెండంగుళాలకు మించకుండా పరచండి. పైన పలచగా వేడి పాలు ఒక పొర పోస్తే తొక్కు కట్టదు. వేడి తగ్గగానే మూతపెట్టి ఫ్రిజ్‌లోకి.

విందు రోజు చేసే పని: వడ్డనకు ముప్పావు గంట ముందు ఆ ముద్దను స్టీలు గిన్నెలోకి తీసి, నీళ్ళు కాగుతున్న ఇడ్లీపాత్రలో ఆ గిన్నెను దించి మూతపెట్టండి. నేరుగా మంట మీద పెడితే అడుగంటుతుంది. పది నిమిషాలకోసారి కిందిది పైకి తిరగేయండి. నడిమి దాకా పొగలు కక్కేంత వేడెక్కాక, మిగిలిన పాలు మీగడతో కలిపి మరగబెట్టి కొంచెం కొంచెంగా పోస్తూ మెల్లగా కలపండి. రాయిలా ఉన్న ముద్ద కళ్ళముందే విచ్చుకుంటుంది. మిరియాలు, ఉప్పు చూసుకుని హాట్‌బాక్సులోకి మార్చండి. అందులో రెండు గంటలకంటె ఎక్కువ ఉంచవద్దు.

ఎప్పుడూ సాగుతోందని బాధపడేవారికి మరో కిటుకు. ఇది అమెరికాలో ఫిలడెల్ఫియా దగ్గరి ప్రభుత్వ పరిశోధనశాలలో 1950ల్లో ఉర్లగడ్డ అటుకుల తయారీకోసం రూపొందిన పద్ధతి. నీళ్ళు పోస్తే చాలు ముద్ద అయ్యే ఆ పాకెట్లు ఇప్పుడు మన సూపర్‌మార్కెట్లలో కూడా ఉంటున్నాయి. గడ్డలు తొక్క తీసి వేలెడు మందాన చక్రాల్లా కోసి, 70 డిగ్రీల నీళ్ళలో అరగంట ఉంచాలి. తరువాత చల్లనీళ్ళలో పూర్తిగా చల్లార్చి, అప్పుడు మామూలుగా ఉడికించి మెదపాలి. మొదటి వేడికి పిండి గదిలోపలే ఉబ్బుతుంది, చల్లార్చగానే అక్కడే గట్టిపడుతుంది. ఆ తరువాత ఎంత ఉడికించినా, మళ్ళీ వేడిచేసినా బయటికి వచ్చి జిగురు కాదు. 70 డిగ్రీలు ఎలా తెలుస్తుందంటారా? మన చెన్నై కుళాయి నీళ్ళు సుమారు 30 డిగ్రీలుంటాయి. నాలుగు చెంబులు మరిగే నీళ్ళకు మూడు చెంబులు కుళాయి నీళ్ళు కలిపితే లెక్క సరిగ్గా 70కి వస్తుంది. గడ్డలు పడగానే కొంచెం చల్లబడుతుంది గనుక సన్నని సెగ పెట్టండి. ఆవిరి లేవాలి, బుడగలు మాత్రం రాకూడదు.

ఇదంతా చదివి "ముద్ద చేసుకోవడానికి ఇంత రాద్ధాంతమా, ఆ పూట వేడివేడిగా చేసి పెడితే సరిపోదా?" అని మా తరంవారు కొందరు అంటారని తెలుసు. వారికి ఒక మాట చెప్పాలి. మా పెద్ద వదినగారింట్లో మా అన్నయ్య షష్టిపూర్తి నాటి ఫోటోల పుస్తకం ఉంది. పంక్తిలో కూర్చున్న బంధువులు, నవ్వుతున్న పిల్లలు, వడ్డిస్తున్న తమ్ముళ్ళు, అందరూ ఉన్నారు. పీటల మీద దంపతులు కూర్చున్న ఫోటోలు నాలుగైదు తీస్తే, ఆ తరువాత పుస్తకం చివరిదాకా మా వదినగారు ఎక్కడా లేరు. ఆ రోజు వంటవాళ్ళను పెట్టుకున్నా, "ఒక్క కూర నా చేత్తో చేస్తాను, అది వేడివేడిగానే వడ్డించాలి" అని ఆవిడ వంటింట్లోనే ఉండిపోయారు. మూడు గంటలకు విస్తరి ముందు కూర్చునేసరికి సగం మంది ఇళ్ళకు వెళ్ళిపోయారు. ఆవిడకు ఇప్పుడు ఎనభై దాటింది. ఆ పుస్తకం తిరగేస్తూ ఎవరెవరు వచ్చారో మమ్మల్ని అడిగి తెలుసుకుంటూ ఉంటారు.

సంవత్సరానికి ఒక్కసారి, రెండు వారాల సెలవు మీద వచ్చే పిల్లలు మన చేతి వంట కోసం ఎంత వస్తారో, మన పక్కన కూర్చోవడం కోసమూ అంతే వస్తారు. ముందురోజు తీరిగ్గా చేసుకోగలిగిన పనిని విందు పూటకు అట్టే పెట్టుకుని, వాళ్ళు హాల్లో కబుర్లు చెప్పుకుంటూంటే మనం పొయ్యి దగ్గర చెమటలు కక్కడం గొప్పతనమేమీ కాదు. వంటలో ఏది ముందు చేసుకోవచ్చు, ఏది అప్పటికప్పుడే చెయ్యాలి అని విడదీసుకోవడం కూడా వంట రావడంలో భాగమే.

మరోవైపు, మన పెద్దలు "రాత్రి వండిన కూర పొద్దున వద్దు" అన్నదాన్ని కూడా కొట్టిపారేయకూడదు. అది మడి ఆచారం మాత్రమే కాదు. ఉర్లగడ్డ నేలలో పెరిగే దుంప. మట్టిలోని కొన్ని సూక్ష్మజీవుల బీజాలు దాన్ని ఎంత ఉడికించినా చావవు. ఉడికిన ముద్ద గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మేలుకుంటాయి. వాటిలో ఒకటి వదిలే విషం మళ్ళీ మరగబెట్టినా పోదు. కనుక "రాత్రంతా బయట ఉంది, ఏం ఫరవాలేదు, బాగా వేడిచేసేస్తాను" అనడం కుదరదు.

ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పడం లేదు. 1994లో అమెరికాలోని ఎల్ పాసో పట్టణంలో ఒక హోటలువారు ఉర్లగడ్డలను అల్యూమినియం రేకులో చుట్టి కాల్చి, ఆ రేకుతోనే మామూలు గదిలో ఉంచి, తరువాత వాటితో పచ్చడివంటిది చేసి వడ్డించారు. అది తిన్న 30 మంది బాట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు పాలయ్యారు. రేకు లోపల గాలి ఆడకపోవడమూ, చల్లటి చోట పెట్టకపోవడమూ కలిసి అంత పనిచేశాయి. రేకులో కాల్చిన గడ్డను రేకుతో సహా ఉంచవద్దు.

కాబట్టి ఈ నాలుగు మాటలు ఫ్రిజ్ తలుపు మీద అంటించుకోండి. ఉడికిన గడ్డ బయట రెండు గంటలకు మించి ఉండకూడదు, మన మే నెల ఎండల్లో గంటే గడువు. ఫ్రిజ్‌లో 5 డిగ్రీలకు లోపల ఉండాలి, రెండు రోజుల్లో వాడేయాలి. వేడిచేసేటప్పుడు గోరువెచ్చగా కాదు, నడిమి దాకా పొగలు రావాలి. ఒకసారి వేడిచేసినదాన్ని మళ్ళీ ఫ్రిజ్‌లోకి తోయకూడదు.

మన ఊరికి ప్రత్యేకంగా ఐదోది కూడా ఉంది. పిల్లలు వచ్చే డిసెంబరే మనకు తుఫాను నెల. 2016లో వార్దా, 2023లో మిచౌంగ్ వచ్చినప్పుడు ఎన్నో పేటల్లో రోజుల తరబడి కరెంటు లేదు. తలుపు తెరవకుండా ఉంచితే ఫ్రిజ్ నాలుగు గంటలు చలి నిలుపుకుంటుంది. అంతకు మించి కరెంటు పోతే, ఎంత వెన్న పోసి చేసినదైనా సరే, పారేయండి. రెండు కిలోల గడ్డల ఖరీదు ఒక డాక్టరు ఫీజుకు రాదు.

ఇదే పద్ధతి మన వంటలకు ఎలా పనికొస్తుందో కూడా చెప్పి ముగిస్తాను. సంఘం కార్యక్రమాలకు పొద్దున్నే పూరీ, కూర పెట్టేవారు గడ్డలను ముందురోజే తొక్కతో ఉడికించి, పూర్తిగా చల్లార్చి, తొక్కతోనే ఫ్రిజ్‌లో పెట్టుకోండి. ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, అల్లం తరిగి వేరు డబ్బాలో ఉంచండి. పొద్దున పోపు వేసి, ఉల్లిపాయ మగ్గాక పసుపు, నీళ్ళు పోసి, రెండు చెంచాల శనగపిండి జారుగా కలిపి పోసి, చేత్తో చిదిమిన గడ్డ వేసి దగ్గర పడనిస్తే ఇరవై నిమిషాల పని. పూరీ కూరకు గడ్డ నున్నగా మెదగకూడదు, అక్కడక్కడ ముక్క తగలాలి. అందుచేత చల్లారిన గడ్డే దీనికి మేలు. నిమ్మరసం, కొత్తిమీర దించాకే. బొండాలకైతే లోపలి ముద్ద పోపుతో సహా ముందురోజు చేసి ఉండలు చుట్టి ఉంచుకోవచ్చు. చల్లటి ఉండ చెదరదు, శనగపిండి జారు బాగా పట్టుకుంటుంది. పిండి కలపడం, వేయించడం మాత్రం అప్పటికప్పుడే.

పళ్ళు లేని పెద్దవాళ్ళు ఉన్న ఇంట్లో ఈ మెదిపిన గడ్డ నిజంగా ఉపకారం చేస్తుంది. వెన్న తగ్గించి, పాలు పెంచి, జీలకర్ర, ఇంగువ పోపు పెట్టి, చారన్నంలో నంజుడుగా పెట్టి చూడండి. విదేశీ వంటకమని తెలియకుండానే తినేస్తారు. షుగరు ఉన్నవారికి ఒక హెచ్చరిక. చల్లారిన గడ్డలో పిండి కొంత ఆలస్యంగా అరిగేదిగా మారుతుందన్న మాట నిజమే గాని, అది మందేమీ కాదు. రెండు చెంచాలతో ఆపి, అన్నం ఆ మేరకు తగ్గించుకోండి.

అన్నానగర్ సోదరికి చివరిగా ఒక సూచన. ఆ రోజు మెదిపిన గడ్డ వడ్డించడం మనవడికి అప్పగించండి. వాడికి బాగా తెలిసిన పదార్థమే గనుక ఎవరికెంత వెయ్యాలో వాడే చూసుకుంటాడు. మీరు మొదటి పంక్తిలోనే కూర్చోండి.

వచ్చే సంచికకు వేసవి వస్తుంది. ఉర్లగడ్డ వడియాలు, సగ్గుబియ్యం వడియాలు పట్టణపు చిన్న బాల్కనీలలో ఎలా పెట్టుకుంటున్నారో మీ అనుభవాలు రాసి పంపండి. మంచివి ఈ పేజీలోనే చెప్పుకుందాం.